గోడకి అంటించిన రక్తం

సామాన్ల లిఫ్టు ఇనప తాడు తెగినప్పుడు నేను గోడౌన్‌లోనే ఉన్నా, స్కానర్ రిపేరు మీద. లోడింగ్ మేస్త్రి కాలు లిఫ్టు కింద నలిగిపోయింది. తాడు అరిగిందని ఆయన అంతకుముందే మూడుసార్లు చెప్పాడు. మేనేజరు మూడుసార్లూ "చూద్దాం" అన్నాడు.

ఆస్పత్రివాళ్ళు ఆరు బాటిళ్ళ రక్తం అడిగారు. ఏ గ్రూపైనా సరే, ఎక్కించినదానికి బదులుగా ఎవరైనా ఇస్తే చాలన్నారు.

నాకు భలే ధీమా. నెల కిందటే మా ఆఫీసులో రక్తదాన ప్రతిజ్ఞ పెట్టారు. యాప్ రాసింది నేనే. నాలుగొందల మంది అందులో "ఇస్తాను" అని నొక్కారు. ఒక్కో పేరుకి ఒక ఎర్ర బొట్టు అద్దాల గోడకి అంటించాం, టీషర్టులు పంచాం, మాకు మేమే చప్పట్లు కొట్టుకున్నాం. నలుగురి ముందు మాటిస్తే జనం దాని మీద నిలబడతారని స్లైడు కూడా చేశా. తల్చుకుంటే ఒళ్ళు మండుతోంది.

అందరికీ మెసేజ్ కొట్టా. దండం బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. మనిషన్నవాడు రాలేదు.

"నేను ప్రతిజ్ఞ చేశాగా," అన్నాడొకడు, ఇచ్చేసినట్టే.

మేనేజరుకి సూదంటే భయమట. ఒంటి మీద టీషర్టు మాత్రం అదే.

ఆఫీసు నుంచి కిందికెళ్తే లోడింగ్ వాళ్ళు ఆస్పత్రికి ఆటో ఎక్కుతున్నారు, ఎనిమిది మంది.

"మీరు ప్రతిజ్ఞ చెయ్యలేదుగా?" అన్నా, మొద్దులాగా.

"చెయ్యనిస్తేగా అమ్మాయ్," అంది ప్యాకింగ్ అక్క. "నీ యాపు ఉద్యోగి నంబరు అడుగుద్ది. మేం కాంట్రాక్టోళ్ళం. సూదికి నంబరు అక్కర్లేదులే, జరుగు."

మేస్త్రి బతికాడు. కాలు పోయింది.

మర్నాడు తెగిన తాడుకే క్లాంపులు బిగించి లిఫ్టు నడపమన్నారు. గోడౌన్ మొత్తం దాని ముందు కూర్చుంది. కొత్త తాడు వేసేదాకా పెట్టె కదలదు. నేనూ లాప్‌టాప్ మూసేసి కూర్చున్నా.

మేనేజరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నెలాఖరుకి మార్పిస్తా. మీ అందరి ముందూ ప్రతిజ్ఞ చేస్తున్నా. లేవండిక."

అక్క లేచి లిఫ్టు తలుపు లాగింది. "సరే సార్. ముందు మీరెక్కండి. బటన్ మేం నొక్కుతాం."

ఆయన క్లాంపుల వంక చూశాడు. బూటు గడప దాటలేదు.

"పోలీసుల్ని పిలుస్తా."

"పిలవండి," అంది అక్క, మళ్ళీ కూర్చుంటూ. "ఆ ఒక్క మాట మీదయితే తప్పకుండా నిలబడతారు."

బయట లారీల ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. డ్రైవర్లు దిగొచ్చి, తామూ కూర్చుంటాం, కొంచెం జరగమన్నారు. జరిగాం.