జీలాంగ్‌లో చూడదగిన స్థలాలు, ప్రార్థనతో సహా

మా నానమ్మ ఏసుమణి ఆస్ట్రేలియా వచ్చి మూడు నెలలు కావస్తున్నా ఇంకా కంగారూను చూడలేదు. సోమవారం ఆమె విమానం ఎక్కాలి. అందుకని మా నాన్న శనివారం ఒక్కరోజులో మేముండే జీలాంగ్‌లో చూడదగిన స్థలాలన్నీ చూపించేస్తానన్నాడు. వాటిలో కంగారూ ఆఖరిది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. నాన్న ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. అమ్మ అదే ఆసుపత్రిలో నర్సు. ఇద్దరికీ కలిసి సెలవు దొరకడమే కష్టం, దొరికితే అది ఆదివారమై చర్చికి పోతుంది. ఒకసారి నాన్న నానమ్మను హైవే మీద తీసుకెళ్ళి, కంగారూ బొమ్మ ఉన్న పసుపు బోర్డు చూపించాడు. "ఈ బొమ్మ మన బళ్ళో వాచకంలోనే ఉందిగదరా" అంది నానమ్మ. ఇంకోసారి వెర్రిబీ నుంచి వస్తుంటే రోడ్డు పక్కన నిజమైనదే కనిపించింది గానీ, అది చచ్చిపోయి ఉంది. నాన్న కారు నెమ్మది చేశాడు. నానమ్మ కళ్ళు మూసుకుంది.

"చచ్చినదాన్ని చూసొచ్చానని చెప్పమంటావా పిల్లలకి?"

నానమ్మకు కంగారూ అంటే ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. బాపట్ల దగ్గర మా ఊళ్ళో ఆమె ఏళ్ళ తరబడి సండేస్కూలు చెబుతోంది. బయల్దేరే ముందు ఆ పిల్లలు, "అమ్మగారూ, దాని సంచిలో పిల్ల నిజంగానే ఉంటదా?" అని అడిగితే, చూసొచ్చి చెబుతానని మాట ఇచ్చింది. పక్కింటి శేషుకుమారి గోడ మీద నుంచి విన్నది.

"ఏం చూస్తావులే ఏసుమణమ్మా! నీ కొడుకింట్లో కూర్చుని వెల్లుల్లిపాయలు ఒలిచి పెట్టొస్తావు. కంగారూ లేదు, కాకరకాయా లేదు."

మూడు నెలలుగా నానమ్మ చేసింది సరిగ్గా అదే. మా ఫ్రిజ్‌లో ఒలిచిన వెల్లుల్లి వచ్చే క్రిస్మస్ దాకా సరిపోతుంది.

"చూశానని చెప్పెయ్ అమ్మా. ఎవరొచ్చి అడుగుతారు?" అన్నాడు నాన్న.

నానమ్మ ఒలవడం ఆపింది. "దయానందం, తొమ్మిదో ఆజ్ఞ చెప్పు."

నాన్నకు నెరిసిన జుట్టు. అయినా చేతులు కట్టుకుని చెప్పాడు. "నీ పొరుగువాని మీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు." తర్వాత కొంచెం ఆలోచించి, "కంగారూ మన పొరుగువాడు కాదు కదమ్మా" అన్నాడు.

"శేషుకుమారి పొరుగుదేగా" అంది నానమ్మ.

అంతటితో ఆ మాట అయిపోయింది. నానమ్మ మాట ఎట్లాంటిదో నాకు తెలుసు. అమ్మానాన్నలు ముందుగా ఇక్కడికి వచ్చేస్తే, తొమ్మిదో తరగతి దాకా నేను ఆమె దగ్గరే ఉండి మా ఊరి బళ్ళో చదువుకున్నాను. కంగారూను చూడకపోతే ఆమె చూడలేదనే చెబుతుంది. పిల్లలందరి ముందూ, గోడ మీద శేషుకుమారి ముందూ.

శనివారం పొద్దున మేం బయల్దేరబోతుండగా గిడియన్ అంకుల్ తన వ్యాన్ వేసుకుని వెర్రిబీ నుంచి వచ్చేశాడు. వెంట ఆయన కూతురు జాక్లిన్. దానికి పదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ ఇంగ్లీషులోనే జవాబు చెబుతుంది.

"అమ్మగారు వెళ్ళిపోతుంటే నేను ఇంట్లో కూర్చుంటానా దయానందం? ఆ చిన్న కారులో ఆమె మోకాళ్ళు ఏంగావాలి? ఎక్కండి, ఎక్కండి."

నాన్న, అమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాదనడానికి లేదు. నాన్న ఈ దేశంలో దిగినప్పుడు మొదటి రెండు నెలలు అన్నం పెట్టింది ఈయనే. మా తెలుగు క్రైస్తవ సహవాసానికి పెద్ద కూడా ఆయనే. మెల్‌బోర్న్‌లో ట్రాముల డిపోలో పనిచేస్తాడు. ట్రాములు వేళకు కదిలేలా చూడడం ఆయన ఉద్యోగం.

ప్రయాణానికి ముందు ప్రార్థన మా వాళ్ళందరిలోనూ ఉన్నదే. గిడియన్ అంకుల్ మాత్రం బండి కదిలే ముందు ఒకటి, ఆగిన తర్వాత ఒకటి చేస్తాడు. మొదలుపెడితే తలలు వంచాలి, కళ్ళు మూసుకోవాలి, ఆయన ముగించి అందరూ ఆమెన్ అనేదాకా కాలు కదపకూడదు. ఇది మాకు మాటలు రాకముందే వస్తుంది.

మా ఇంటి ముందు ఆయన వ్యాన్ కోసం, చక్రాల కోసం, తోలేవాడి కోసం, ఎదురుగా వచ్చే బళ్ళు తోలేవాళ్ళ కోసం, వాళ్ళు రాత్రి తాగి ఉంటే వాళ్ళ మారుమనస్సు కోసం ప్రార్థించాడు. మేం ఆమెన్ అన్నాం. నేనూ అన్నాను, కానీ నా ఆమెన్‌కు పెదవులే కదులుతాయి. ఇక్కడి బళ్ళో నా గొంతు విన్నవాళ్ళు తక్కువ. చర్చిలో అసలు లేరు.

"మా కరోలిన్ ఆమెన్ సముద్రం మీద వచ్చే ఉత్తరం లాంటిది" అన్నాడు అంకుల్ అద్దంలో నన్ను చూస్తూ. "బయల్దేరిందని మనం నమ్మాలంతే."

అందరూ నవ్వారు. నేను కిటికీలోంచి బయటకు చూశాను.

మొదట బొటానికల్ గార్డెన్. జులై కదా, ఇక్కడ చలికాలం. చెట్లు చాలావరకు బోసిగా ఉన్నాయి. ఒక్కో చెట్టుకు పేరు రాసిన చిన్న రేకు ఉంది. గేటు దగ్గర బండి ఆపి గిడియన్ అంకుల్ తోట అనగానే ఏదెను తోటతో మొదలుపెట్టాడు. ఆదాము జంతువులకు పేర్లు పెట్టడం, పాము రావడం, ఇద్దరినీ వెళ్ళగొట్టడం అన్నీ అయ్యాయి. మేం లోపలికి వెళ్ళేసరికి మా కంటే వెనక వచ్చిన ముసలి దంపతులు తోటంతా చూసి తిరిగి వెళ్ళిపోతున్నారు.

తర్వాత ఈస్టర్న్ బీచ్. సముద్రంలోకి అర్ధచంద్రంలా కట్టిన చెక్క వంతెన, దాని లోపల ఈత కొట్టే చోటు, పిల్లలకు వేరే కొలను, పైకి పోవడానికి మెట్లు. ఎండాకాలంలో కుటుంబాలన్నీ ఇక్కడే ఉంటాయట. ఆ రోజు మేం, కొన్ని సీగల్ పక్షులు ఉన్నాం. అమ్మ పులిహోర, గుడ్ల కూర తెచ్చింది. అంకుల్ గాలికి ఎదురుగా నిలబడి ఎర్రసముద్రం పాయలవడం గురించి ప్రార్థించాడు. ఇశ్రాయేలీయులు అవతలి ఒడ్డు చేరేసరికి పక్షులు రెండు గుడ్లు ఎత్తుకుపోయాయి. నేను చూశాను. నాకు కళ్ళు పూర్తిగా మూసుకునే అలవాటు లేదు. కానీ ఎవరికీ చెప్పలేదు.

"మా సూర్యలంక ఇంతకంటే పెద్దది" అంది నానమ్మ తింటూ. "అక్కడ ఇసకే గానీ మెట్లు లేవు. మెట్లు బాగున్నయ్యి." తర్వాత నాన్నను అడిగింది. "అది ఎన్నింటిదాకా ఉంటది అబ్బాయ్?"

"కంగారూ పార్కా? నాలుగున్నర దాటితే లోపలికి రానివ్వరమ్మా. బోలెడు టైముంది."

అప్పటికి బోలెడు టైమే ఉంది. ఆ తర్వాత ఊలు మ్యూజియం వచ్చింది.

జీలాంగ్ ఒకప్పుడు గొర్రెల బొచ్చుతో బతికిన ఊరు. పాత రాతి గిడ్డంగిని మ్యూజియంగా మార్చి ఇంకా రెండేళ్ళే అయింది. లోపల కంబళ్ళు నేసే పెద్ద మగ్గం ఉంది, ముట్టుకుని చూడడానికి రకరకాల బొచ్చు ఉంది, కదలని గొర్రెలు ఉన్నాయి. పిల్లలకు చాలా మంచిదని మా టీచరు చెప్పింది. మంచిదే. కానీ బైబిల్లో గొర్రెలు ఎన్ని ఉన్నాయో ఆలోచించకుండా గిడియన్ అంకుల్‌ను అక్కడికి తీసుకెళ్ళకూడదు.

ఆయన హేబెలు మందతో మొదలుపెట్టాడు. అబ్రాహాముకు పొదలో పొట్టేలు దొరికింది. యాకోబు తన మామ గొర్రెలు కాశాడు. దావీదు దగ్గరికి వచ్చేసరికి ఆయన జేబురుమాలు తీశాడు.

"డాడ్, ఇట్స్ ఓన్లీ ఏ మ్యూజియం" అంది జాక్లిన్.

"ష్, అంకుల్ ఇంకా తప్పిపోయిన గొర్రె దాకా రాలేదు" అంది అమ్మ గుసగుసగా. ఆమె రాత్రి డ్యూటీ చేసి వచ్చింది. నిలబడి నిద్రపోవడానికి ఆమెకు అది చాలా అనుకూలంగా ఉంది.

లోపల నాన్న ఉన్న ఫిల్మంతా గొర్రెల మీద ఖర్చు చేశాడు. ఒకే ఒక్క ఫోటో మిగిలింది. మేం బయటపడేసరికి ఎండ పల్చబడింది. నానమ్మ కోటు బొత్తాలు పెట్టుకుని, అందరికంటే ముందు వ్యాన్ ఎక్కి కూర్చుంది.

"కంగారూ పార్కు దగ్గర ఆలస్యం కాదులే" అన్నాడు నాన్న, అమ్మతో మెల్లగా. "బైబిల్లో కంగారూ లేదు."

పార్కు ఊరి బయట ఉంది. మేం చేరేసరికి కార్లన్నీ బయటకు వస్తున్నాయి. ఖాకీ చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి టికెట్ల గది పక్కన నిలబడి ఉంది. మేం వ్యాన్ దిగాం. నానమ్మ రెండడుగులు గేటు వైపు వేసింది.

"ప్రార్థన చేసుకుందాం" అన్నాడు గిడియన్ అంకుల్.

నానమ్మ వేసిన రెండడుగులూ వెనక్కు వచ్చింది. తల వంచింది. కళ్ళు మూసుకుంది. ఆమెకు ఇంకో దారి లేదు. ప్రార్థన మధ్యలో లేచిపోయిన పిల్లలను ఆమె స్వయంగా బయట నిలబెట్టేది.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ" అన్నాడు అంకుల్. "నోవహు దినములలో నీవు సమస్త జంతువులను ఓడలోనికి నడిపించితివి..."

నాన్న ముఖం మారిపోయింది. ఆయనకు ఓడ సంగతి గుర్తురాలేదు.

ఏనుగులు ఎక్కాయి. సింహాలు ఎక్కాయి. పక్షులు జాతుల వారీగా ఎక్కాయి. నేను సగం తెరిచిన కళ్ళతో గేటు వైపు చూస్తున్నాను. ఖాకీ చొక్కా అమ్మాయి గడియారం చూసుకుంది. లోపలికి వెళ్ళి ఒక గొలుసు, తాళం తెచ్చింది. మా వైపు చూసింది. ఏదో చావు జరిగి ఏడుస్తున్నామనుకుందేమో, మర్యాదగా అవతలికి తిరిగి నిలబడింది. కానీ గొలుసు మాత్రం గేటు కమ్మీలోంచి దూర్చడం మొదలుపెట్టింది.

నాన్న కదలడు. అమ్మ నిద్రపోతోంది. జాక్లిన్ బూటుతో రాయిని తంతోంది. నానమ్మ పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి. ఆమె చేతిలో బ్రెడ్డు ముక్కలున్న సంచీ ఉంది. ఇంట్లోనే కోసి పెట్టుకుంది, పొద్దున్నించి మోస్తోంది.

"... వాన నలుబది పగళ్ళును నలుబది రాత్రులును..."

"ఆమెన్" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ ఉలిక్కిపడ్డారు. తలలు మాత్రం ఎత్తలేదు. గిడియన్ అంకుల్ ఒక్క క్షణం ఆగాడు. ఆయన ముఖం వెలిగింది.

"స్తోత్రం ప్రభువా! ఈ చిన్నబిడ్డ నోరు తెరిచావు తండ్రీ! బిలాము గాడిద నోరు తెరిచినట్టు ఈ బిడ్డ నోరు తెరిచావు!" అని బిలాము దగ్గరికి వెళ్ళిపోయాడు. ఓడ ఇంకా నీళ్ళ మీదే ఉంది.

గొలుసు రెండో చుట్టు పడింది. ఒక్క ఆమెన్ సరిపోదని నాకు అర్థమైంది. ప్రార్థనకు ముగింపు మాటలు ఉంటాయి. అవి పడితేనే ఆమెన్‌కు బలం. చిన్నప్పుడు నానమ్మే నాకు నేర్పింది. ఊపిరి పీల్చుకుని, మా ఊళ్ళో చెరుకు తోట అవతల ఉన్నవాళ్ళను పిలిచే గొంతుతో అన్నాను:

"ఏసు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ, ఆమెన్!"

"ఆమెన్!" అన్నారందరూ. అమ్మ నిద్రలోనే అంది. నాన్న అన్నాడు. నానమ్మ అందరికంటే గట్టిగా అంది. గిడియన్ అంకుల్ కూడా అలవాటు కొద్దీ అనేసి, ఎవరు ముగించారా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. ఆమెన్ తర్వాత ప్రార్థనను మళ్ళీ అందుకునే పద్ధతి మాకు లేదు.

నేను అప్పటికే గేటు దగ్గరికి పరుగెత్తాను.

"ప్లీజ్" అన్నాను ఖాకీ చొక్కా అమ్మాయితో. "మై గ్రాండ్‌మదర్. మండే షీ గోస్. నో కంగారూ." నా జీవితంలో తెలియని మనిషితో మాట్లాడిన అతి పొడవైన ఇంగ్లీషు అది.

ఆమె నన్ను చూసింది. వెనకనుంచి చీర మీద మగవాళ్ళ కోటు వేసుకుని, బ్రెడ్డు సంచీ పట్టుకుని వస్తున్న నానమ్మను చూసింది. గొలుసు విప్పింది.

"ఫైవ్ మినిట్స్, లవ్" అంది.

కంగారూలు చెట్టు కింద పడుకుని ఉన్నాయి. మనుషుల మీద వాటికి ఆసక్తి ఉన్నట్టు లేదు. నానమ్మ ఒకదాని ముందు నిలబడి, పెళ్ళిచూపుల్లో చూసినట్టు కింది నుంచి మీది దాకా చూసింది.

"ఇదేనా?"

"ఇదేనమ్మా" అన్నాడు నాన్న.

"చెవులు గాడిదవి, చేతులు చిన్నపిల్లోడివి. తోక మాత్రం బాగుంది." వంగి బ్రెడ్డు చాపింది. అది ముక్కు దగ్గర పెట్టుకుని, వద్దనుకుని, మళ్ళీ కావాలనుకుని తీసుకుంది. అప్పుడు దాని పొట్ట దగ్గర ఏదో కదిలింది. ఒక కాలు బయటికి వచ్చి లోపలికి పోయింది. నానమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉంది" అంది.

నాన్న మిగిలిన ఒక్క ఫోటో తీశాడు. కడిగించి చూస్తే అందులో నానమ్మ ఉంది, బ్రెడ్డు సంచీ ఉంది, కంగారూ తోక ఉంది. శేషుకుమారికి అది చాలదు. నానమ్మకు చాలు.

తిరిగి వచ్చేటప్పుడు గిడియన్ అంకుల్ అద్దంలో నన్ను రెండు మూడుసార్లు చూశాడు.

సోమవారం ఆయనే వ్యాన్‌లో మమ్మల్ని విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. నానమ్మ లోపలికి వెళ్ళే తలుపు దగ్గర అందరం గుండ్రంగా నిలబడ్డాం. ఈసారి ఆయన ఓడ దగ్గర మొదలుపెట్టినా, దాన్ని ఎన్ని రోజులు నీళ్ళ మీద తిప్పినా నేను నోరు మెదపకూడదని ముందే అనుకున్నాను. బిలాము కథ కూడా పూర్తిగా వినేదాన్ని. నానమ్మ వేళ్ళు నా వేళ్ళలో ఉన్నాయి, వెల్లుల్లి వాసన వస్తున్నాయి.

"తండ్రీ" అన్నాడు గిడియన్ అంకుల్, ఒక కన్ను తెరిచి నన్నే చూస్తూ. "అమ్మగారిని క్షేమంగా ఇల్లు చేర్చు. ఏసు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ, ఆమెన్."

ఆయన చేసిన ప్రార్థనల్లో అంత చిన్నది నేనెప్పుడూ వినలేదు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఎవరికీ వినిపించలేదు.