ఊదా కోట్ల పటాలం

మే నెల రెండో ఆదివారం మధ్యాహ్నం, మా పుయెబ్లా ఊళ్లో ఒక రొట్టెల దుకాణం మేడ మీద, దోన్ ఎవ్లాలియో సెర్కీడో తెచ్చిన బొమ్మల పటాలాన్ని మేము ఆట బల్ల మీదకు రానివ్వలేదు.

ఆ మేడ మీద మేము బొటనవేలంత సీసపు సైనికులతో పాత యుద్ధాలు ఆడతాం. ఆటకు ముందు ప్రతి పటాలాన్నీ కిటికీ వెలుగులో పెట్టి చూడటం మా ఆనవాయితీ. ఆ రోజు ఆడే యుద్ధం జరిగిన ఏడాదికి చెల్లని దుస్తులు కనిపిస్తే పటాలం పెట్టెలోనే ఉండిపోతుంది. చూసే పని దోన్యా ఎర్మీనియాది. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టించేది.

ఆ రోజు యుద్ధం 1847 ఆగస్టుది. చురుబుస్కో వంతెన. ఇవతల మా దేశపు సైన్యం, అవతల అమెరికన్లు.

ఎవ్లాలియోకు ఎడమ కన్ను పోయింది. కుడి కంట్లో శుక్లం. మర్నాడే ఆపరేషన్. చూపు నిలుస్తుందని డాక్టరు మాట ఇవ్వలేదు. తన చేత్తో రంగు వేసిన ఈ పటాలం యుద్ధం చేస్తుంటే ఆపరేషన్‌కు ముందే చూసుకోవాలని ఆయన కోరిక. అది మాకందరికీ తెలుసు.

ఎర్మీనియా ఒక సైనికుణ్ణి వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

"ఏం రంగండీ ఇది?"

"నీలం. ముదురు నీలం. కాలరు ఎరుపు."

"ఇది ఊదా, దోన్ ఎవ్లాలియో."

సిరీలో కింది దుకాణంలోని సెమీతా రొట్టె నములుతూ వచ్చి తొంగి చూశాడు. ఎవ్లాలియో కొడుక్కి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి ఆయనే; అందుకే ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రే.

"ఊదా వేసుకునే బిషప్పుల పటాలం తెచ్చావేంటి కొంపాద్రే? కాలుస్తారా, దీవించి పంపేస్తారా?"

"నోరు ముయ్. పోయినేడు నీ గుర్రాలకు మీసాలు పెట్టింది ఎవరు?"

"అవి కళ్లేలురా!"

నవ్వు తొందరగానే ఆగిపోయింది. రంగు వేసేటప్పుడు, శుక్లం వల్ల సీసాలోని నీలం ఎవ్లాలియోకు బూడిదలా కనిపించింది. పక్క సీసాలోని ఊదా కొంచెం కలిపాడు. ఇంకొంచెం కలిపాడు. తనకు నీలం అనిపించేదాకా కలుపుతూనే ఉన్నాడు.

"నేను చూసే వేశాను," అన్నాడు. "వాళ్లు నా ముందునుంచే వెళ్లారు."

ఆయన చెప్పినది ఇది. పెరట్లో కూర్చుని రంగు వేస్తుంటే చర్చి గంటలు మోగాయి. నిద్రో మెలకువో తెలియదు. గోడ వెంబడి సైన్యం నడుస్తోంది. ముందు మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాటివాళ్లు, తోక కోట్లు, పొడుగు టోపీలు, టోపీల మీద ఈకలు. గోడ మలుపు దగ్గర వాళ్ల కాలర్లు రంగు మారాయి, పటాలానికో రంగు. దానిమ్మ చెట్టు దాటేసరికి ఆ రంగులు తగ్గిపోయాయి, తోకలు పోయాయి. బావి దగ్గరికి వచ్చేటప్పటికి తలల మీద ఫ్రెంచివాళ్ల మాదిరి పొట్టి టోపీలున్నాయి. మనుషులు మాత్రం మారలేదు. అవే ముఖాలు. నడుస్తూనే కోట్లు మార్చుకుంటున్నారు, ఎవరూ గుండీలు పెట్టుకోవడం కనిపించలేదు. అడుగుల చప్పుడు లేదు. దుమ్ము మాత్రం అన్ని రంగుల మీదా ఒకేలా పడుతోంది.

"వెనక వరస?" అని అడిగింది ఎర్మీనియా.

"వెనకవాళ్లకు కోట్లు అందలేదమ్మా. కొత్త దుస్తుల ఆజ్ఞ వచ్చేది, గుడ్డ వచ్చేది కాదు. ముతక తెల్ల చొక్కాలతో నడిచారు."

"తెల్ల చొక్కా ఆ ఆగస్టుకు చెల్లుతుంది. వీటి మీద తెలుపు వేయండి."

ఆయన బొమ్మ వైపు చూశాడు.

"అయితే నా కోట్లు కనిపించవు."

"కనిపించవు."

"ఎన్నాళ్లు కూర్చున్నానో తెలుసా?"

"తెలుసండి. ఇలా అయితే మాత్రం బల్ల మీద పెట్టనివ్వను."

సిరీలో చేతులు తుడుచుకుని తెల్లరంగు సీసా మూత తీశాడు. బొమ్మను రెండు వేళ్లతో కదలకుండా పట్టుకున్నాడు.

"కానియ్ కొంపాద్రే. అమెరికన్ల జట్టు నీకోసం ఆగి కాఫీ తాగుతోంది."

ఎవ్లాలియో కుంచె అందుకున్నాడు. మొదటి కోటు మీద తెలుపు పెట్టడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆగలేదు. ఎర్మీనియా ఒక్కొక్కరినీ కిటికీ దగ్గర చూసి బల్ల మీద పెట్టింది.

నాలుగు దాటాక ఆట మొదలైంది. పటాలం వంతెనకు ఎడమ పక్కన నిలబడింది. ఎవ్లాలియో బల్ల అంచుకు ముఖం ఆనించి, కుడి కన్ను వాళ్లకు దగ్గరగా పెట్టి చూశాడు. పాచికలు తనే వేశాడు. రెండు దాడులకు పటాలం కదల్లేదు. మూడో దాడికి చెదిరింది. వాళ్లను బల్ల మీంచి ఆయనే తీశాడు. రంగు ఇంకా ఆరలేదు. వేళ్లకు తెలుపు అంటింది.