మేత మార్చాలి

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. పరిశోధన కేంద్రంలో డాక్టరమ్మ మాత్రం అక్కడి కసాయిని రెండేళ్లుగా నమ్మలేదు. లూసర్న్ అనే పచ్చిమేత మేసిన గొర్రె మాంసం రంగే వేరు, కొవ్వు వాసనే వేరు, కళ్ళకు గంతలు కట్టినా చెబుతానని అతను మొత్తుకునేవాడు. అవన్నీ కాకమ్మ కబుర్లని ఆవిడ కొట్టిపారేసేది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పరీక్ష మాత్రం పకడ్బందీగానే పెట్టింది. ఒక దొడ్డిలో గొర్రెలకు లూసర్న్, రెండోదాంట్లో ఎండుగడ్డి. ఏది ఏ దొడ్డో తెలిస్తే తన మనసు ఎక్కడ మొగ్గుతుందోనని ఏటా గొర్రెల్ని మేపే మూడు నెలలూ అటు తొంగి చూడలేదు. మాంసం ముక్కలూ, గొర్రెల పొట్టలోంచి తీసిన ద్రవమూ అంకెలు వేసిన డబ్బాల్లో ఆవిడ బల్ల మీదికి వచ్చేవి. మేతను బట్టి పొట్టలోని సూక్ష్మజీవులు మారాలి కదా, రెండు దొడ్లవీ కవల పిల్లల్లా ఉన్నాయి. మాంసంలోనూ తేడా లేదు. పోయినేడూ అంతే, ఈ ఏడూ అంతే.

సంతోషం పట్టలేక, గొర్రెలు పెంచే అన్నయ్యకు పొద్దున్నే ఫోన్ చేసింది. నీళ్ళన్నీ తాగేసే ఆ లూసర్న్ చేను ఇక దండగ, దున్నేసి ఇంకేదైనా వేసుకోమంది. అన్నయ్య ఏడాదిగా ఆ మాట కోసమే ఆగాడు.

ఆ తర్వాత నివేదికలోకి ఫొటోలు తీద్దామని మొదటిసారి దొడ్ల దగ్గరికి వెళ్ళింది. గొర్రెలు లేవు. మేతలు వేసే తాత ఖాళీ తొట్లు కడుగుతున్నాడు.

"లూసర్న్ దొడ్డి ఏది తాతా?"

"ఏ వారంలోనమ్మా?" అన్నాడు తాత.

ఆవిడకు అర్థం కాలేదు. తాత తడి చెయ్యి పంచెకు తుడుచుకుని గోడ మీది పలక చూపించాడు. 'వారానికొకసారి రెండు దొడ్ల మేతా మార్చాలి.' ఆవిడ దస్తూరీయే, తనే రాసి పంపింది. పాతబడ్డ గడ్డి తీసేసి అదే రకం తాజాది వేయమని ఆవిడ ఉద్దేశం. తాత చదివిందే చేశాడు. ఈ వారం ఇక్కడిది అక్కడ, పై వారం అక్కడిది ఇక్కడ. రెండు దొడ్ల గొర్రెలూ రెండు మేతలూ తిన్నాయి. తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?

"పోయినేడు కూడా ఇలాగేనా?"

"అప్పుడూ ఇదే పలకమ్మా. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా మా కోడలిచేత మార్పించాను. ఒక్క వారం తప్పలేదు."

మెచ్చుకుంటుందేమోనని తాత ఆవిడ మొహంలోకి చూశాడు. డాక్టరమ్మ తడి తొట్టి అంచు మీదే కూర్చుంది. ముసలాయన మీద అరుద్దామంటే అక్షరాలు తనవి. మనసు మొగ్గకూడదని కళ్ళు మూసుకున్న తెలివీ తనదే. రెండేళ్ళలో నలభై ఎనిమిది గొర్రెల్ని కోయించి ఏమీ తెలుసుకోలేదు. ఆ కసాయి ఒక్కడే నిజం చెప్పాడేమో, ఇప్పుడు అదీ తెలియదు.

అప్పుడు అన్నయ్య చేను గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది. అవతల ట్రాక్టర్ ఆపిన చప్పుడు.

"అయిపోయింది చెల్లెమ్మా. నువ్వు చెప్పాక ఇంకా ఆలస్యమెందుకు?"

"అన్నయ్యా, నేను చెప్పింది తప్పు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ పలక సంగతంతా చెప్పింది. తిడతాడనుకుంది, తిట్టినా బాగుండేది.

"మరి పోయినేటిది?" అన్నాడు అన్నయ్య.

"అదీ తప్పే."

"ఇంకా ఎవరెవరికి చెప్పావమ్మా?"

పోయిన నెలలోనే, హాలు నిండా కూర్చున్న గొర్రెల పెంపకందార్లకు పోయినేటి ఫలితం చూపించి, లూసర్న్ దండగని ఆవిడ మైకులో చెప్పింది. వాళ్ళంతా రాసుకున్నారు.