నాలుగు బొమ్మల బస్తా

ఎర్రపొడి బస్తాలు లారీ దిగే రోజున షియే మేస్త్రీ చేతిలో కత్తి ఉంటుంది. బస్తాల్ని లోపలికి పంపేముందు ఆ కత్తికి పని పడుతుంది. ప్రతి బస్తా మీదా ఎర్ర అంచు గళ్ళలో నాలుగు బొమ్మలు అచ్చేసి ఉంటాయి. ఒకటి వలయం మీద లేస్తున్న మంట. ఒకటి ఛాతీలో ఏదో పగిలి నక్షత్రంలా విచ్చుకున్న మనిషి. ఒకటి మోడు చెట్టు పక్కన వెల్లకిలా పడ్డ చేప. నాలుగోది ఒట్టి ఆశ్చర్యార్థకం. మేస్త్రీ మంట బొమ్మను వదిలేసి మిగతా మూడింటినీ చేప పొలుసు తీసినట్టు గీకి కింద పారేస్తాడు.

షెడ్డు ఆడవాళ్ళందరూ ఏళ్ళ తరబడి చూస్తున్నదే అది. ఆ ఉదయం సుచిన్ మాత్రం వంగి ఒక ముక్క తీసుకుంది.

"ఈ మనిషికేమయింది మేస్త్రీ?"

"నీకెందుకే ఆ గోల? అవి ఓడలెక్కి పోయే సరుక్కి వేసే బొమ్మలు. మనం భయపడాల్సింది నిప్పుకొక్కదానికే. దాని బొమ్మ ఉంచాను కదా!"

"వాడెవడో నాకు తెలుసులే, మా ఆయన," అంది వెనకనుంచి యూ జువాన్. "పండక్కి ఇంటికి రావద్దని వాళ్ళ సేటు ఫోన్ చేసినప్పుడల్లా వాడి గుండె ఇట్లాగే పగుల్తుంది."

అందరూ పకపకా నవ్వారు. సుచిన్ కూడా నవ్వి ముక్కను జేబులో వేసుకుంది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానినప్పటినుంచి బొమ్మలున్న కాగితం ఏది కనబడినా పారేయబుద్ధి కాదు ఆమెకి.

హునాన్ కొండల్లోని ఆ లోయంతా దాదాపు లువో ఇంటిపేరు వాళ్ళే; కోడళ్ళకి మాత్రం పుట్టింటి పేర్లే ఉంటాయి. షెడ్డు కాంట్రాక్టరు లువో చాంగ్‌ఫా ఊరందరికీ మూడో బాబాయి. వరస కలిసిన మనిషికి ఎదురుచెప్పడం ఆ లోయలో ఎవరికీ అలవాటు లేదు. షెడ్డులో ఆడవాళ్ళు ఎర్రపొడిని జిగురుతో కలిపి ఆవగింజలంత గింజలు చుడతారు. ఆకాశంలో టపాసు పువ్వులా విచ్చుకుని ఆరిపోయేముందు చిటపటమని రాలేవి ఆ గింజలే.

నిప్పు సంగతి ఆ ఆడవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు. గుమ్మం పక్కన రాగి పలకను తాకి బట్టల రాపిడికి ఒంట్లో చేరిన కరెంటును నేలకి వదిలి గాని లోపల అడుగు పెట్టరు. నైలాను తొడగరు, ఇనుము పట్టరు. దుమ్ము లేవకుండా నూలు ఏప్రాన్‌ని నీళ్ళలో తడిపి కట్టుకుంటారు. తలుపు మీద పచ్చటి పలక మీద షెడ్డు ఏ తరగతి ప్రమాదానికి చెందిందో, లోపల ఎందరుండాలో, ఎంత సరుకుండాలో రాసి ఉంటుంది. నిప్పంటుకునే గుడ్డ ఏదీ షెడ్డులో మిగలకూడదన్నది అందులో ఒక నియమం. కాబట్టి సాయంత్రం ఎవరి ఏప్రాన్ వాళ్ళు ఇంటికి పట్టుకుపోతారు. పెంగ్ పెద్దమ్మ ఈ నియమాల్ని పూజలా పాటిస్తుంది. పదేళ్ళ కింద పొరుగు షెడ్డు పేలినప్పుడు ఆవిడ ఎడమచేతికి రెండు వేళ్ళు పోయాయి.

సుచిన్ ఆ లోయ పిల్ల కాదు. గుయిఝో వైపు కొండల్నుంచి పెళ్ళయి వచ్చింది. మాట యాసగా ఉంటుంది. మొగుడు సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఇళ్ళ పనుల మీద తిరుగుతుంటాడు. ఇంట్లో అత్తగారు, పాప దౌదౌ. అత్తగారికి మాటలు తక్కువ. మిగిలిన మాటలన్నీ దౌదౌవే. "పాలు", "బాతు", "చీకటి" అనేది. ఆ శీతాకాలం మొదట "బాతు" పోయింది. తర్వాత "చీకటి" పోయింది. అన్నం ముందు పెడితే మొహం తిప్పుకునేది, కడుపు పట్టుకుని ముడుచుకునేది. మాటలు నేర్చుకునే పిల్ల ఉన్న మాటలు ఒక్కొక్కటే పారేసుకుంటుంటే సుచిన్ ఎత్తుకుని టౌను బస్సెక్కింది.

జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి అడిగింది. "పాప రక్తంలో సీసం ఉంది. మీ ఆయన బ్యాటరీల పనా?"

"కాదండీ. ఇళ్ళు కట్టే పని. నేను గింజలు చుడతాను, టపాసుల గింజలు."

"ఏ పొడితో?"

పొడి పేరు తెలియక సుచిన్ జేబులోని ముక్క తీసి చూపించింది. డాక్టరమ్మ దాన్ని చూసి కళ్ళజోడు తీసేసింది.

"ఇది సీసంతో చేసిన పొడమ్మా. దీని ప్రమాదాలు రెండు రకాలు. ఒకటి బయటిది, మంట దగ్గరుంటే దాన్ని ఎగదోస్తుంది. రెండోది ఒంటికి పట్టేది. పేలదు, కాలదు, చప్పుడుండదు. ఎముకల్లో కూర్చుని రక్తాన్నీ నరాల్నీ కొంచెం కొంచెంగా తింటుంది. కడుపులో బిడ్డని వదలదు. చనుబాలలోకి కూడా దిగుతుంది. ఈ మనిషి బొమ్మ చెప్పేది అదే. మీ షెడ్డు పలక మీద ఇది లేదా?"

"మా పలక మీద నిప్పు ఒక్కటే ఉందండీ. అయినా పాప షెడ్డు గడప ఎప్పుడూ తొక్కలేదు."

"తొక్కక్కర్లేదు. నీ ఇంటికి ఏదో దారిన వస్తోంది. నేను మందిస్తాను. కానీ ఆ దారి మూయకపోతే నా మందు బూడిదలో పోసినట్టే."

సుచిన్ ఊరికి వచ్చి మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డు వాకిట్లో అందరికీ చెప్పింది. చెప్తుంటే యాస ఇంకా గట్టిగా పలికింది.

"మీ పిల్లల్ని కూడా పరీక్ష చేయించండి. అందరం కలిసి బాబాయిని అడుగుదాం."

అన్నం తినే పుల్లలు గిన్నెల్లో ఆడుతూనే ఉన్నాయి.

"పండగ సరుకు వెళ్ళకముందే తనిఖీ వాళ్ళు వస్తే షెడ్డుకి తాళం పడుతుంది," అంది చివరికి పెంగ్ పెద్దమ్మ. "ఈ పొడిలో ముప్పై ఏళ్ళు చేతులు పెట్టాను. నా వేళ్ళు తీసుకుంది నిప్పు. పొడి నన్నేం చేసింది? పై ఊరి పిల్లవి, గాలి పడక నీ పాపకి జబ్బు చేసుంటుంది. మా మీద రుద్దకు."

మర్నాడు మూడో బాబాయి కమలాపండ్ల బుట్టతో ఇంటికొచ్చాడు. దౌదౌ బుగ్గ నిమిరి, అత్తగారితో అన్నాడు. "వదినా, కోడలు చదువు మధ్యలో మానిన పిల్ల. డాక్టర్లు ఏదంటే అది నమ్ముతుంది. పండగ పూట ఊరి నోటికాడ కూడు లాగొద్దని చెప్పు."

"చెప్తా," అంది అత్తగారు.

ఆ రోజునుంచి బల్ల మీద సుచిన్‌కి అటొక మనిషి, ఇటొక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. పక్కన ఎవరూ కూర్చోరు. రాగి పలక దగ్గర ఆమె వస్తే వరస చెదురుతుంది. ఫోన్‌లో మొగుడు కూడా "మూడో బాబాయితో పెట్టుకోకు, నేనొచ్చాక చూద్దాం" అన్నాడు. ఎప్పుడొస్తాడో ఇద్దరికీ తెలియదు. గింజలు చుడుతూ చేతులు అలవాటుగా తిరిగేవి. తలలో మాత్రం ఒకే ప్రశ్న. ఏ దారి? బావి నీళ్ళు వేరే చోటివి. కూరలు సొంత మడివి. ఇంట్లోకి రాగానే చేతులు కడుగుతుంది. ఇంకేం మిగిలింది?

ఒక సాయంత్రం ముసురు పట్టి ఇల్లంతా చెమ్మగా ఉంది. అక్కడ చలికాలంలో గుడ్డలు ఎండలో ఆరవు. కుంపటి రాజేసి దాని మీద కోళ్ళగంపలా వెదురు గంప బోర్లించి దాని మీద ఆరేస్తారు. ఇంటింటికీ ఒకటుంటుంది. సుచిన్ గంప మీది తడి ఏప్రాన్ తీసి పక్కన పెట్టి, దౌదౌ లంగోటాలు ఆ గంప మీదే పరవబోయింది. అప్పటికే దౌదౌ గంప పట్టుకుని నిలబడి, కొత్తగా వస్తున్న పళ్ళ దురదకి వెదురు బద్ద చీకుతోంది.

పిల్ల పెదాల దగ్గర ఎరుపు.

సుచిన్ పిల్లని లాగి ఒళ్ళో వేసుకుంది. తెల్ల లంగోటా ఒకటి తడిపి బద్ద పొడవునా తుడిచింది. గుడ్డ ఎర్రబడింది. ఇంకో బద్ద, ఇంకా ఎరుపు. దుమ్ము లేవకూడదని తడిపిన ఏప్రాన్. షెడ్డులో గుడ్డ మిగలకూడదని ఇంటికి తెచ్చిన ఏప్రాన్. నిప్పుకి భయపడి చేసిన ప్రతి జాగ్రత్తా ఆ పొడిని తెచ్చి ఉయ్యాల పక్కన ఆరబెట్టింది.

"అత్తా," అంది. అత్తగారు వచ్చి ఆ గుడ్డను చూసింది. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తెల్లారాక సుచిన్ గంపను వీపుకి కట్టుకుని షెడ్డుకి నడిచింది. వాకిట్లో దించి అందరి ముందూ తుడిచి చూపించింది.

"మా ఇంట్లోనే కాదక్కా. మీ అందరి కుంపట్ల మీదా ఇదే ఉంది. నేను చెప్పానని వద్దు. ఇంటికెళ్ళి ఒక తెల్ల గుడ్డతో తుడుచుకోండి."

"పనివేళ నాటకాలేంటి!" అని షియే మేస్త్రీ గంపను కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి గోడకి తగిలి ఆగింది. పెంగ్ పెద్దమ్మ రాగి పలకను తాకి లోపలికి పోయింది. మిగతావాళ్ళు ఆవిడ వెనకే పోయారు. యూ జువాన్ మాత్రం ఒక క్షణం ఆగింది. రెండుసార్లు కడుపు పోగొట్టుకున్న మనిషి. ఆమె కళ్ళు గంప మీదే ఉన్నాయి. తర్వాత ఆమె కూడా లోపలికి పోయింది.

వాకిట్లో సుచిన్ ఒక్కతే మిగిలింది, గంపతో.

ఆ రాత్రి లోయలో ఎవరి తలుపూ ఆమె కోసం తెరుచుకోలేదు. తలుపుల వెనక ఇంటింటా తెల్ల గుడ్డలు తడుస్తున్నాయని ఆమెకి తెలియదు.

పొద్దున ఆమె షెడ్డు మలుపు తిరిగేసరికి వాకిట్లో పెంగ్ పెద్దమ్మ కూర్చుని ఉంది. పక్కన గంప. యూ జువాన్ కూర్చుని ఉంది. పక్కన గంప. వెనక కొండబాట మీద ఇంకా దిగుతున్నారు, వీపుల మీద గంపలు, తాబేళ్ళ ఊరేగింపులా.

"నా మనవడు మొద్దని బడిలో బెంచీ ఎక్కిస్తున్నారు," అంది పెంగ్ పెద్దమ్మ, సుచిన్ మొహంలోకి చూడకుండా. "నేను కూడా మొట్టాను. ఆ గంప పక్కనే పెరిగాడే వాడు."

"నా కడుపు చెడ్డదని మా అత్త నన్ను తిట్టని రోజు లేదు," అంది యూ జువాన్. ఈసారి జోకు వేయలేదు. "నా కడుపు కాదు చెడ్డది."

"అయితే షెడ్డు మూయిద్దామా? తినేదేంటి?" అని వెనకనుంచి ఒకామె అరిచింది.

"మూయమని ఎవరన్నారు?" అంది సుచిన్. "ఏప్రాన్లు ఉతికేందుకు ఒక గది కట్టమందాం. బట్టలు అక్కడే మార్చుకుని, కడుక్కుని ఇంటికి పోదాం. పిల్లలందరికీ ఆయనే పరీక్షలు చేయించాలి. బస్తా మీద బొమ్మలన్నీ ఉండాలి, తలుపు మీది పలక మీద కూడా."

"ఆయన రాయడు."

"అయితే మనమే రాద్దాం."

సుచిన్ వంటింట్లోంచి తెచ్చిన బొగ్గు తీసింది. పెంగ్ పెద్దమ్మ ఎగిరి లేచింది. "బొగ్గు తెచ్చావుటే షెడ్డు దగ్గరికి! విషంతో చచ్చేలోపు నిప్పుతోనే చస్తాం! అవతల పారేసి, పోయి సున్నం పట్రా!"

నవ్వు పుట్టింది. ఆ వాకిట్లో చాలా రోజుల తర్వాత పుట్టిన నవ్వు. సుచిన్ సున్నం తెచ్చి, పచ్చ పలక మీద నిప్పు తరగతి కింద, ఛాతీ పగిలిన మనిషిని గీసింది. గీత వంకరగా వచ్చింది. పెంగ్ పెద్దమ్మ మూడువేళ్ళ చేతిని సున్నంలో ముంచి ఆ మనిషి పక్కన అచ్చు వేసింది. అందరూ వేశారు.

మూడో బాబాయి కారు దిగి గంపల గుట్టను చూశాడు, పలకను చూశాడు. కోపాన్ని మింగి వరస కలిపాడు.

"పెంగ్ వదినా, నువ్వు కూడానా? మన ఇంటి పరువు..."

"వదినననకు. ఇక్కడ నేను గింజలు చుట్టే దాన్ని, నువ్వు చుట్టించుకునే వాడివి. కావాలంటే నువ్వొచ్చి ఈ బద్ద నాకి చూడు."

గంప బద్ద అతని మొహం దాకా వచ్చింది. అతను వెనక్కి జరిగాడు. ఆ ఒక్క అడుగు అందరూ చూశారు.

మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చింది. ప్రమాద సూచిక పలకను పాడుచేసినందుకు, పుకార్లు రేపినందుకు అన్నారు. "గీసింది ఎవరు?" అని అడిగారు. "నేను," అంది సుచిన్. "నేను," అంది యూ జువాన్. "నేను," "నేను" అన్నారు వెనకనుంచి. జీపులో అందరికీ చోటు లేదు. పై ఊరి పిల్లనే ఎక్కించారు.

జీపు కదులుతుంటే సుచిన్ వెనక్కి చూసింది. దౌదౌ! పొద్దున పాలు తాగలేదు. మందు వేళకి ఎవరిస్తారు? అత్తగారు ఎక్కడా కనబడలేదు.

ఆమెని ఉంచిన గదికి కిటికీ చిన్నది, ఎత్తులో ఉంది. లోపల మంచం, పళ్ళెం, పైన ఒక దీపం, ఇంకేమీ లేవు. రోజులు ఒకదానిలాగా ఒకటి గడిచాయి. చూడటానికి ఎవర్నీ రానివ్వలేదు. పండగ ముందు సరుకు పంపాలి కదా, అందరూ పనిలోకి పోయుంటారని ఆమె మనసు పదే పదే అనుకుంది. తిట్టుకోలేదు కూడా. తినాలి కదా జనం. అయినా ఆ గది చలి అంతా వచ్చి ఆ ఒక్క మాట మీదే కూర్చున్నట్టుండేది.

కొత్త సంవత్సరం పండగకి ముందు, ఏడాది చివరి సాయంత్రం వచ్చింది. లోయలో ప్రతి ఇల్లూ గుమ్మంలో టపాసుల సరం కాల్చి గాని పండగ భోజనానికి కూర్చోదు. శవం లేచిన ఇంట్లో కూడా ఒక్క సరమైనా కాలుస్తారు. ఆ పొగ వాసన, ఆ మోత గోడలు దాటి వస్తుంది. మోత వినబడితే పని సాగిందని, సరుకు వెళ్ళిందని, తను ఒక్కతే మిగిలిందని తేలిపోతుంది. సుచిన్ చెవులు మూసుకుని మంచం మీద కూర్చుంది. మళ్ళీ చేతులు తీసింది.

పొద్దు వాలింది. కిటికీలో వెలుగు బూడిదరంగైంది.

టౌను వైపు ఎక్కడో దూరంగా ఒకటి రెండు పేలాయి. లోయ వైపు ఏమీ లేదు. ఆమె చెవి ఒగ్గి విన్నది. కుక్క ఒకటి మొరిగింది. ఇంకేమీ లేదు.

తలుపు కింది కంతలోంచి మూతపెట్టిన గిన్నె తోస్తూ కాపలావాడు గొణిగాడు. "ఏం లోయే మీది! టపాసులు పుట్టిన ఊళ్ళో పండగ పూట ఒక్క సరం కూడా కాలకపోవడమేంటి? నా పుట్టుకలో చూళ్ళేదు. మీ షెడ్డు ముందు ఆడోళ్ళు గంపలేసుక్కూచుని అన్నాలు కూడా అక్కడే తింటున్నారంట. ఇదిగో, మీ అత్త ఇచ్చిపోయింది. తీసుకోకపోతే ఇక్కణ్ణుంచి కదలనని కూర్చుంది ముసల్ది."

మూత తీస్తే వేడి అన్నం, ఎండబెట్టిన చేప. గిన్నెకి చుట్టిన తెల్ల గుడ్డను సుచిన్ విప్పింది. దౌదౌ లంగోటా. దీపం కిందికి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా ఎరుపు లేదు.

"ఏమన్నా చెప్పిందా మా అత్త?"

"పిల్ల మందు తాగుతోందట. ఇంకేదో 'బాతు మళ్ళీ వచ్చింది' అంది, నాకర్థం కాలా. పెట్టింది చేప కదా?"

సుచిన్ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కిటికీ కింద నిలబడి, ఒక్క టపాసూ పేలని తన లోయను చెవులారా విన్నది.