పూత కలవకపోతే

బాలమల్లు తల రెండోసారి గోదాం షట్టరుకు తగిలింది. ఆ చప్పుడుకు సుల్తానాబాద్ రోడ్డు మీద పోయేవాళ్లు ఒక్క క్షణం ఆగి, ఏ గోదామో చూసుకొని ముందుకు కదిలారు.

అతని కాలరు పట్టుకున్నది విత్తన కంపెనీ ఆర్గనైజర్ అరుణ్‌కుమార్ డ్రైవరు. "కంపెనీకే షరతులు వెడ్తవా? ఎవలు రాసిచ్చిన్రు బే గీ కాయితం?"

బాలమల్లు పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది.

"నేనే రాసిన," అంది విత్తన సంచుల దగ్గర వరసలో నిలబడ్డ అతని భార్య నవనీత. "ఆయన్నెందుకు కొడ్తున్నవ్? నన్నడుగు."

బాలమల్లు ఊరివాళ్లు ఏటా చలికాలం యాసంగిలో కంపెనీ కోసం ఆడ-మగ వరి వేస్తారు. కొన్ని సాళ్లు మగ వరి, కొన్ని సాళ్లు ఆడ వరి. రెండూ ఒక్కసారే పూతకు వచ్చినప్పుడు చేనుకు అడ్డంగా తాళ్లు గుంజి, మగ వరి పుప్పొడి ఆడ కంకుల మీద రాలేలా చేస్తారు. ఆ కంకుల్లో పట్టిన గింజే విత్తనం. కంపెనీవాళ్ల ముఖం ఎవరూ చూడలేదు. విత్తనం ఇచ్చేది, నారు ఏ రోజు పొయ్యాలో చెప్పేది, గింజ తూకం వేసుకునేది అంతా అరుణ్‌కుమారే. రైతులు తెల్ల బాండు పేపరు కింద సంతకం పెట్టి సంచి ఎత్తుకుపోయేవారు. పైన ఏం రాసుకునేవాడో వాళ్లకు తెలియదు.

పోయిన యాసంగిలో అతను చెప్పిన తారీఖునే నారు పోశారు. మగ వరి ముందే పూసి రాలిపోయింది. ఆడ వరి కంకి తీయక ఇంకా పొట్ట మీదే ఉంది. అరచేతులు చీరుకుపోయేలా తాళ్లు గుంజినా తాలు తప్ప గింజ పట్టలేదు. మామూలు వరి వేసుకున్నా ఎకరానికి ఇరవై అయిదు క్వింటాళ్లు పండే భూములు. అరుణ్‌కుమార్ వచ్చి, చేనుగట్టు కూడా దిగకుండా, "చలి ఎక్కువైంది, నేనేం జేస్త?" అనేసి పోయాడు. మొగుడు చచ్చిపోయి ఒంటరిగా ఎకరం సాగుచేసుకునే శంకరవ్వ, పాలిచ్చే బర్రెను అమ్ముకుంది.

అందుకే ఈసారి విత్తనం తెచ్చుకోకముందే బాలమల్లు ఇంటి అరుగు మీద అందరూ కూర్చున్నారు. ఇంటర్ చదివిన నవనీత కలం పట్టింది. 'పంట నష్టపోతే కంపెనీదే బాధ్యత' అని మొదలుపెట్టగానే పక్కచేను హనుమండ్లు అడ్డం పడ్డాడు.

"నష్టమంటె ఏందో రాయకుంటె వాడు ఓసారి వానంటడు, ఓసారి చలంటడు."

"పూత కలవకపోతె అని రాయి బిడ్డా," అంది శంకరవ్వ. "మనకు దెబ్బ తాకింది గాడనే."

కలవలేదని ఎవరు తేల్చాలి? వ్యవసాయాధికారి తేల్చాలి, చేను నిలబడి ఉండగానే, రైతు ఎదుట. పరిహారం ఎంత? దాని మీద చాలాసేపు కొట్లాడుకొని, ఎకరానికి ఇరవై అయిదు క్వింటాళ్ల మామూలు వడ్ల సర్కారు ధర అని ఒప్పుకున్నారు. పంట మంచిగా వస్తే విత్తనం క్వింటాలుకు తొమ్మిది వేలు. నారు పోసే తారీఖు ఆర్గనైజరే రాసి సంతకం పెట్టాలి. ఒక కాయితం రైతు దగ్గర ఉండాలి. నవనీత ఒక్కో వాక్యం చదివి, చదువురాని హనుమండ్లుతో తిరిగి చెప్పించింది. అతని నోరు తిరగని మాటను కొట్టేసి మళ్లీ రాసింది.

ఇప్పుడు ఆ కాయితం అరుణ్‌కుమార్ చేతిలో ఉంది. చివరిదాకా చదివాడు.

"మంచిగనే రాసినవమ్మా. వకీలు గూడ గింత సాఫ్‌గ రాయడు," అని నిలువునా చింపి కింద పడేశాడు. "గిట్ల రాసేటోళ్లకు ఇత్తనం లేదు. తెల్ల బాండు మీద సంతకం వెట్టినోళ్లు సంచి ఎత్తుకపోండ్రి."

బాలమల్లు కాలరు విడిపించుకొని ముక్కల కోసం వంగాడు. డ్రైవరు బూటు అతని మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. నవనీత ఉరికొచ్చి డ్రైవరు చొక్కా పట్టుకుంది. వాడు కడుపులో తన్నాడు. ఆమె సంచుల మీద కూలబడి, ఊపిరి అందక నోరు తెరిచింది.

హనుమండ్లు రెండడుగులు ముందుకు వచ్చాడు. డ్రైవరు అతని వైపు తిరిగాడు. హనుమండ్లు నేల చూపులు చూస్తూ తెల్ల బాండ్లు పెట్టిన బల్ల దగ్గరికి పోయాడు. "కౌలు గట్టిన సారూ. దున్ని పెట్టిన," అని గొణుగుతూ వేలిముద్ర వేశాడు. అతని వెనక మరొకరు వేశారు. ఇంకొకరు వేశారు.

శంకరవ్వ వంతు వచ్చింది.

"సదివి ఇనిపియ్యి," అంది.

"ఏమున్నదే సదువుడు? తెల్ల కాయితమేనాయె," అన్నాడు అరుణ్‌కుమార్.

"గట్లయితె నేనెయ్య."

అరుణ్‌కుమార్ నవ్వబోయి, నవ్వు రాక, ఆమె చేయి పట్టి సిరా డబ్బా మీదికి లాగాడు. ముసలామె బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది. అతను గుంజాడు. రాలేదు. డ్రైవరు వచ్చి ఆమె చిటికెన వేలు పట్టి వెనక్కి విరిచాడు. శంకరవ్వ గావుకేక పెట్టింది.

నవనీత కడుపు పట్టుకొని పాకుతూ వచ్చింది. బల్ల పట్టుకొని లేచి, పడిపోతున్న ముసలామెను వెనక నుంచి రెండు చేతులా అదిమి నిలబెట్టింది.

"పిడికిలి ఇప్పవే!" అరిచాడు అరుణ్‌కుమార్.

"ఎయ్య," అంది శంకరవ్వ.

సంచి భుజాన పెట్టుకొని గుమ్మం దాకా పోయిన హనుమండ్లు అక్కడే ఆగిపోయాడు. బయటికి పోలేదు, లోపలికీ రాలేదు. డ్రైవరు శంకరవ్వ ఉంగరపు వేలు పట్టుకున్నాడు. పిడికిలి ఇంకా మూసే ఉంది.