కంచె తీసిన రోజు

కంచె బాబాయ్ కంప్యూటర్ తెర మీద వేలు ఆనించి, ఒక్కో వరుసా చదువుకుంటూ పోతున్నాడు. వేలిముద్రలతో తెర మసకబారింది. చొక్కా జేబులో ఎప్పటిలాగే భార్య చెవిమిషనుకు ఒక కొత్త బ్యాటరీ బిళ్ల.

చెవిమిషన్లలో ఉండే ప్రాసెసర్‌కు కంపైలర్, అంటే మనుషులు రాసిన ప్రోగ్రామును దాని భాషలోకి మార్చే సాధనం, రాయడం ఆయన ఉద్యోగం. ఆ ప్రాసెసర్‌కు తొందరెక్కువ. శబ్దం రాసి, ఆ తర్వాత "సిద్ధం" అని జెండా ఎత్తమంటే, ముందు జెండా ఎత్తేస్తుంది, వంట కాకుండానే భోజనానికి పిలిచినట్టు. దాన్ని అదుపులో పెట్టే భారం కంపైలర్ నెత్తిన పడింది. ఒకసారి అలా వరుస తప్పి, పాత శబ్దం భార్య చెవిలో కీచుమంది. ఆవిడ ఏడ్చేసింది. అప్పట్నుంచీ ఆయన అడుగడుగునా కంచె వేశాడు: ఇక్కడిదాకా పని ముగిశాకే ముందుకు కదలాలని ఆజ్ఞ. ఆఫీసులో కంచె బాబాయ్ అన్న పేరు అలా స్థిరపడింది. కాకపోతే ఆగిన ప్రతిచోటా బ్యాటరీ కరిగేది. సాయంత్రానికి ఆవిడకు లోకం మూగబోయేది. బిళ్ల ఆవిడ వేళ్లకు చిక్కదు, ఆయన వెళ్లి మార్చాల్సిందే.

పక్క సీటు అమ్మాయి కుర్చీ జరుపుకుంది.

"బాబాయ్, మీ కంచే చేను మేస్తోంది. జెండా దగ్గర చిన్న గేటు చాలు."

"శబ్దం రాసేవైపు సరే. జెండా చూసి దాన్ని చదివేవైపో?"

"అక్కడా పెట్టా. పరీక్షలన్నీ అయ్యాయి. మీ భయమొక్కటే మిగిలింది."

నవ్వాడు గానీ చెయ్యి ముందుకు రాలేదు. ఈరోజుతో ఆయన ఉద్యోగం ముగుస్తుంది. ఆయన ఊఁ అనకపోతే ఆ కంచెలు ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. కంచెల బదులు అమ్మాయి గేట్లు పెట్టిన కొత్త ప్రోగ్రాముతో మిషను పొద్దున్నే భార్య చెవికి పెట్టి వచ్చాడు. మళ్లీ కీచుమంటే? రోజంతా ఫోను వైపే చూశాడు.

చీకటి పడుతుండగా అది మోగింది. ఆ వేళప్పుడు ఆవిడ ఏనాడూ ఫోను చేసి ఎరగదు.

"ఏమండీ, బయల్దేరారా?"

"వినబడుతోందా?"

"అబ్బ, అరవకండి! చెవులు చిల్లులు పడుతున్నాయి."

"కీచుమనలేదు కదా?"

"లేదు. పక్కింటివాళ్ల పోట్లాట మొదట్నుంచీ చివరిదాకా విన్నా. రండి, చెబుతా."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, కంచెలు ఒక్కొక్కటీ తన చేత్తోనే తీసేశాడు. కుర్చీ లోపలికి జరిపాడు.

"వెళ్లొస్తానమ్మా."

"సరే బాబాయ్, రేపు..." అని అమ్మాయి నాలుక్కరుచుకుంది.

కీబోర్డు పక్కన, ఆయన జేబులోంచి తీసి పెట్టిన బ్యాటరీ బిళ్ల, పైన అంటించిన కాగితం ఇంకా ఊడదీయకుండా.