పైమెట్టు మీద నీలం చెప్పులు

రాందాస్ చౌరస్తా పక్క సందులో, మొదటి అంతస్తులో పరశురాం స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాడు. మెదక్ టౌనంతా ఆయన్ని సెల్ఫ్ సార్ అంటుంది. హెల్ప్ యువర్‌సెల్ఫ్, ఎంజాయ్ యువర్‌సెల్ఫ్, బిహేవ్ యువర్‌సెల్ఫ్ అంటూ ఆయన చెప్పే సెల్ఫ్ పాఠానికి అంత పేరు. ఊరికంతా సెల్ఫ్ పంచే సారు స్కూటరుకు మాత్రం సెల్ఫ్ లేదు. కిక్కు కొట్టీ కొట్టీ కుడికాలు ఎడమకాలికి అన్నలా తయారైంది.

అలాంటి మనిషికి ఈ మధ్య పైనుంచి ఒక లాత్ తగిలింది, గట్టి తన్నే. రెండో అంతస్తులో లాత్వియన్ క్లాసు పెట్టారు. టేక్మాల్ కుర్రాడు నగేష్ లాత్వియా రాజధాని రీగాలో చదివి తిరిగొచ్చి, చదువుకో పనికో ఆ దేశం పోయేవాళ్లకు అక్కడి భాష నేర్పుతున్నాడు.

"దేశం పేరులనే లాత్ ఉన్నది. పోతే తన్ని పంపుతరు బిడ్డా!" అని పరశురాం తన బ్యాచ్‌కు చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు. నవ్వినవాళ్లలో సగం మంది మర్నాడు పైకెక్కారు.

ఏ క్లాసు ఎలా నడుస్తోందో తెలియాలంటే లోపలికి తొంగిచూడనక్కర్లేదు, బయట విడిచిన చెప్పులు చూస్తే చాలు. పరశురాం గుమ్మం ముందు మెట్లు బోసిపోయాయి. పైమెట్ల మీద చెప్పులు ఒకదాని నెత్తినొకటి ఎక్కి కూర్చున్నాయి.

చెప్పులు పోతే ఓర్చుకున్నాడు. చాయ్ దగ్గరే ఓర్వలేకపోయాడు. సాయంత్రం క్లాసు మధ్యలో భార్య రాజమణి ఇంటినుంచి ఫ్లాస్కులో చాయ్ తెస్తుంది. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు అది. మొదటి గ్లాసు ఆయనది, పొగలు కక్కుతూ ఉండాలి. ఈ మధ్య అది ఆలస్యంగా వస్తోంది, పైగా చల్లారిపోయి వస్తోంది.

"ఏంది మణీ, గిది చాయ్ కాదు, చాయ్ ఛాయ!"

"ఫ్లాస్కు పాతదైంది. పాతయేవీ వేడిగ ఉంటలేవు," అని రాజమణి ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

ఒకరోజు చాయ్ ఇంకా రాలేదేమని మెట్ల మీదికొచ్చి పైకి చూశాడు. పైమెట్టు మీద నీలం చెప్పులున్నాయి. ఎడమదాని పట్టీకి ఎర్రదారం కుట్టు ఉంది. రాజమణి చెప్పులకు ఆ కుట్టు వేయించింది తనే.

పిల్లిలా పైకెక్కి కిటికీ పక్కన నిలబడ్డాడు. లోపల బోర్డు మీద తన సెల్ఫులే! షెల్ఫులోంచి ఎత్తుకొచ్చి సర్దినట్టు వరసగా ఉన్నాయి. వాటికి ఎదురుగా ఏవో లాత్వియన్ మాటలు.

"ఇంగ్లీషుల సెల్ఫ్ అలగ్, విడిగ ఉంటది," అంటున్నాడు నగేష్. "వీళ్ల భాషల క్రియకే తోక లెక్క అంటుకుంటది. మనం చూస్కో, కడుక్కో అంటలేమా, గట్లనే. బిహేవ్ యువర్‌సెల్ఫ్ అంటే ఉజ్వెదియెస్. పుల్ యువర్‌సెల్ఫ్ టుగెదర్ అంటే సన్యెమియెస్."

"అబ్బ, గింతేనా!" అని నవ్వింది మొదటి బెంచీలోని రాజమణి.

పరశురాం ఒళ్లు భగ్గుమంది. ఇన్నేళ్లలో ఈ 'కో' తనకు తట్టనందుకు కాదు. ఆ నవ్వు తన క్లాసులో ఎన్నడూ వినపడనందుకు.

"రాజమణక్కా, ఆడోళ్లు బై మైసెల్ఫ్ అని ఎట్ల చెప్పాలె?"

"వియెన పతి!"

అందరూ చప్పట్లు కొట్టారు. పరశురాం పళ్లు కొరుక్కుంటూ మెట్లు దిగాడు.

రాత్రి అన్నం ముందు కూర్చోగానే మొదలుపెట్టాడు. "పతిని కింద కూసోబెట్టి పైన పతి పతి అని చదువుతున్నవా?"

"ఆ పతి మొగడు గాదు. నాయంత నేనే అని."

"గా నగేష్‌గాడు నా సెల్ఫ్ దొంగిలిచ్చిండు."

"సెల్ఫ్ మీద నీ పేరు రాసున్నదా?"

"గంత చదువు మోజుంటే నేను నేర్పకపోదునా?"

రాజమణి గంటె పక్కన పెట్టింది. "వచ్చిన గద ఒకనాడు. మైసెల్ఫ్ రాజమణి అన్న. నీ బ్యాచంత పడిపడి నవ్విండ్రు, వాళ్లకన్న ముందు నువ్వు నవ్వినవ్. ఇప్పటికీ కొత్తోళ్లు వస్తె గదే బోర్డు మీద రాస్తవ్, గిట్ల అనొద్దని. నీ తాన అందరికి ఇంతో అంతో వస్తది. పైన ఎవ్వలికీ ఏం రాదు. తప్పు చెప్తె నవ్వెటోడు లేడు."

పరశురాం తిన్న పళ్లెం తనే కడుక్కున్నాడు.

మర్నాడు బజారుకు పోయి, నిన్న పెట్టిన చాయ్ ఇవాళ కూడా వేడిగా ఉండే పెద్ద ఫ్లాస్కు తెచ్చిచ్చాడు. రాజమణి ముఖం వెలిగిపోయింది.

"మంచిగ తెచ్చినవ్. పైన మంది ఎక్కువైండ్రు, పాతది సరిపోతలేదు."

ఫ్లాస్కు సరాసరి పైకెక్కింది. ఇక లాభం లేదని, ఆ సాయంత్రం తన బ్యాచ్‌కు వ్యాసం అప్పగించి పరశురాం కూడా ఎక్కాడు. నీలం చెప్పుల పక్కన ఎవరిదో స్పోర్ట్స్ బూటుంది. దాన్ని కాలితో అవతలికి నెట్టి, తన చెప్పులు అక్కడ విడిచాడు.

"రాండ్రి సార్, కూసోండ్రి," అన్నాడు నగేష్ కంగారుగా. చివరి బెంచీలో, తన పాత శిష్యుడు శ్రీకాంత్ పక్కన చోటు దొరికింది. రాజమణి వెనక్కి తిరగలేదు.

"పుల్ యువర్‌సెల్ఫ్ టుగెదర్, చెప్పుండ్రి సార్."

పరశురాం లేచాడు, గొంతు సవరించాడు, కాలరు సర్దుకున్నాడు. "స... సన్... సన్నె... సన్‌మె..."

మాట తన స్కూటరులాగే గురగురమంటోంది తప్ప అందుకోవడం లేదు. చెవులు ఎర్రబడ్డాయి. నవ్వులు పడతాయని తల దించుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. అందరూ ఓపిగ్గా చూస్తున్నారు.

మొదటి బెంచీ ఇటు తిరిగింది.

"కిక్కు కొట్టు సారూ, కిక్కు కొట్టు!" అని రాజమణి కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. నిన్న కిటికీ అవతలినుంచి విన్న నవ్వే. ఇవాళ అది తన మూలంగా వచ్చింది. తల దించుకునే పరశురాం కూడా నవ్వాడు.

తరవాత ఆమె కొత్త ఫ్లాస్కుతో ముందు బెంచీ నుంచి చాయ్ పోసుకుంటూ వచ్చింది. ఆయన వంతు ఆఖరున వచ్చింది. గ్లాసు పట్టుకుంటే వేళ్లు కాలాయి. ఊదుకుంటూ పక్కకు చూశాడు. శ్రీకాంత్ గ్లాసులో తనకన్నా ఒక గుక్క ఎక్కువే ఉంది.